ఎవులు నొక్కేరో తెలిసిపోదా? (లెక్కల కతలు - 11)

తుపాను రోజుల్లో రేడియో విన్నవాళ్ళందరికీ మా ఊరి పేరు తెలుసు. "కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో" అంటూ వార్త మొదలవుతుంది. వంశధార సముద్రంలో కలిసే చోటు మాది. ఒకప్పుడు ఓడరేవు. ఇప్పుడు లైట్‌హౌసు, దర్గా, పడవలు, ఆదివారాలు పిక్నిక్కొచ్చే బస్సులు. ఇంత చిన్న ఊరి పేరు ఢిల్లీ బులెటిన్లో రావడానికి కారణం ఇక్కడున్న వాతావరణ శాఖ కేంద్రం. గాలి ఎటు వీస్తోంది, వాన ఎన్ని మిల్లీమీటర్లు పడింది అని రోజూ మా ఊరినుంచి లెక్క వెళ్తూనే ఉంటుంది. 2021 సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ తుపాను మాకు కాస్త ఉత్తరాన తీరం దాటింది. అలాంటి లెక్కలు ఉండబట్టే ముందస్తు హెచ్చరిక వచ్చింది, చాలా పడవలు ఒడ్డుకెక్కాయి.

కాబట్టి లెక్క అంటే నాకు పగ లేదు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే పోయిన వారం 1931 జనగణన గురించి రాస్తే "అయితే మీరు కులగణనకి వ్యతిరేకమా?" అని అడిగారు కొందరు మిత్రులు. కాదు. గాలిని కొలవడానికి గాలిని అడగక్కర్లేదు. మనుషుల్ని అడగాలి. ఈ వారం రాసేదీ అదే. కాకపోతే ఈసారి కంప్యూటర్ల మీదుగా పోతున్నాం. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన మనిషికి సాఫ్ట్‌వేరుతో పనేంటి అంటారా? చదవండి.

మా పేటలో ఒక చదువుల గది ఉంది. ఎవరెవరో ఇచ్చిన పాత కంప్యూటర్లు ఐదు. వాటిలో డెబియన్ వేశారు మా డిగ్రీ పిల్లలు. డెబియన్ అంటే డబ్బులు కట్టక్కర్లేని, కోడ్ ఎవరైనా తెరిచి చూడగలిగే, మార్చుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్. ఓపెన్ సోర్స్ అంటారు కదా, అది. ఈ పిల్లలే ఒక ఫోన్ యాప్ కూడా రాశారు. కుల ధ్రువపత్రానికి ఏ కాగితాలు కావాలి, స్కాలర్‌షిప్ ఆగిపోతే ఎవరి దగ్గరికెళ్ళాలి, దాడి జరిగితే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు ఎలా రాయాలి, అన్నీ మన యాసలో, మన మాటల్లో. మొదటిసారి తెరిచినప్పుడు మండలం, ఊరు అడుగుతుంది, సరైన స్టేషన్, సరైన ఆఫీసు చూపించడానికి. కోడ్ బయటే పెట్టారు. ఇంకో జిల్లా పిల్లలు తీసుకుని మార్చుకుంటారని.

ఇక్కడొచ్చింది తగువు. సాయం చేస్తామన్న ఒక సంస్థ "ఎంతమంది వాడుతున్నారు, ఏ పేజీ ఎక్కువ చూస్తున్నారు, ఏ ఊళ్ళనుంచి?" అని అంకెలు అడిగింది. అందుకు యాప్‌లో ఒక చిన్న ముక్క కలుపుదామన్నారు ఇద్దరు పిల్లలు. వాడుక లెక్క దానంతటదే సర్వరుకి వెళ్తుంది. పేరు వెళ్ళదు, ఫోన్ నెంబరు వెళ్ళదు. ఊరు, పేజీ, టైము, అంతే. "పేరు లేనప్పుడు ఇబ్బందేటి మేడం?" అన్నారు.

బీడీలు చుట్టుకుంటూ అరుగు మీద కూర్చున్న మామ్మ ఒకామె వింటోంది. డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు బుగత ఇంట్లో పేడ ఎత్తింది, మొగుడు కంబారిగా చేశాడు. ఆమె అడిగింది:

"ఆ ఊర్ల మనోల్లవి పదకొండు కొంపలు. అందల ఆ ఫోనున్నోల్లు నలుగురు. ఆ కంప్లైంటు కాయితం ఒకలు సూసేరని మీకు తెలిస్తే, ఎవులు నొక్కేరో తెలిసిపోదా?"

ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మామ్మకి తెలీకుండానే ఆమె చెప్పింది ఒక పెద్ద పరిశోధన. అమెరికాలో లటాన్యా స్వీనీ అనే నల్లజాతి మహిళ, కంప్యూటర్ శాస్త్రవేత్త, 1997 ప్రాంతంలో మసాచుసెట్స్ ప్రభుత్వ ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులు తీసుకుంది. పేర్లు తీసేసి పరిశోధకులకి ఇచ్చిన రికార్డులవి. పక్కన ఓటర్ల జాబితా పెట్టుకుని, అందులోంచి ఆ రాష్ట్ర గవర్నర్ విలియం వెల్డ్ రికార్డునే బయటికి లాగింది. పుట్టిన తేదీ, ఆడో మగో, పిన్‌కోడ్, ఈ మూడూ చాలు, అమెరికాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టొచ్చని 2000లో లెక్క తేల్చింది.

మన దగ్గర మూడు కూడా అక్కర్లేదు. ఊరు ఒక వైపు, పేట ఒక వైపు. ఇల్లెక్కడో తెలిస్తే కులం తెలిసినట్టే. వెలివాడని కట్టినవాళ్ళు కొన్ని వందల ఏళ్ళ క్రితమే మనకి మ్యాపు గీసి పెట్టారు. పేరు తీసేశాం కాబట్టి ఎవరో తెలీదు అనే మాట కులం లేని ఊళ్ళో చెల్లుతుందేమో. అలాంటి ఊరు నేనింకా చూడలేదు.

ఈ ప్రాంతంలో ఫిర్యాదుకి ముందు రాత్రి అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. 2012 జూన్ 12న వంగర మండలం లక్షింపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. మడ్డువలస రిజర్వాయరు కింద మిగిలిన భూమి దగ్గర తగువు. అది పెద్దది కాబట్టి పేపర్లలో వచ్చింది. రానివి ఎక్కువ. ఫిర్యాదు స్టేషన్‌కి చేరేలోపే ఊరికి తెలిసిపోవడం, తెల్లారేసరికి పెద్దమనుషులు ఇంటి ముందు కూర్చోవడం, ఇది మాకు కొత్త కాదు. అలాంటి చోట "ఫలానా ఊరు, ఫిర్యాదు పేజీ, రాత్రి 9.40, ఒకటి" అనే వరస ఎక్కడో ఒక సర్వరులో ఉండడం మామూలు అంకె కాదు.

సరే, ఈ తగువు మా పేటలో పుట్టింది కాదు. ఓపెన్ సోర్స్ లోకంలో పాతికేళ్ళకి పైగా నడుస్తోంది. దాని చరిత్ర మనం తెలుసుకోవాలి. అందులో మనకి పనికొచ్చే పాఠాలున్నాయి, ఆ లోకంవాళ్ళు మన దగ్గర నేర్చుకోవాల్సినవీ ఉన్నాయి.

కంపెనీ సాఫ్ట్‌వేరు అయితే ఎన్ని అమ్ముడుపోయాయో బిల్లులు చెప్తాయి. ఉచితంగా పంచే సాఫ్ట్‌వేరుకి బిల్లు ఉండదు. ఒకరు సీడీ తెచ్చుకుంటే పదిమంది కాపీ చేసుకుంటారు. రాసినవాళ్ళకి ఎవరు వాడుతున్నారో తెలీదు. డెబియన్ వాళ్ళకి 1990ల చివర్లో ఇదే చిక్కొచ్చింది. వేల ప్యాకేజీలున్నాయి, మొదటి సీడీలో ఏవి పెట్టాలి? అందుకు పాపులారిటీ కాంటెస్ట్ అనే చిన్న ప్రోగ్రాం రాశారు. ముద్దుగా పాప్‌కాన్ అంటారు. మీ కంప్యూటర్లో ఏయే ప్యాకేజీలున్నాయి, ఈ మధ్య దేన్ని వాడారు అని చూసి వారానికోసారి జాబితా పంపుతుంది. పేరు లేకుండా, ఆ కంప్యూటరుకి ఒక గాలివాటు నెంబరు పెట్టి. బయట ప్రచురించేది మొత్తాలే.

డెబియన్ ఎక్కించేటప్పుడు మధ్యలో ఒక తెర వస్తుంది, ఈ సర్వేలో పాల్గొంటారా అని. అక్కడ ముందే ఎంచి పెట్టి ఉన్న జవాబు "వద్దు". ఏమీ ఆలోచించకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోయినవాడి కంప్యూటర్ నుంచి ఏమీ వెళ్ళదు. పంపాలంటే మనసు పెట్టి "సరే" అనాలి. దానివల్ల తమకి వచ్చే అంకె చిన్నదని, సరైన చిత్రం కాదని వాళ్ళకి తెలుసు. తెలిసీ అలాగే ఉంచారు. నాకు ఈ పద్ధతి మీద గౌరవం.

అయినా పాప్‌కాన్ పంపే జాబితాని ఒకసారి మన కళ్ళతో చూడండి. డెబియన్‌లో బైబిల్‌టైమ్ అనే ప్యాకేజీ ఉంది, బైబిల్ చదువుకోవడానికి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని ఇప్పటికీ చేర్చలేదు. మతం మారితే అత్యాచారాల చట్టం రక్షణ కూడా వర్తించదని 2025లో మన హైకోర్టు తీర్పిచ్చింది. ఇప్పుడు చెప్పండి. గుంటూరు నుంచి ఇచ్ఛాపురం దాకా ఎన్ని ఇళ్ళలో ఒక పాట, ఒక పుస్తకం, ఒక ఆదివారం ఇంకొకరి నోట పడితే బతుకు తలకిందులవుతుందో. బెర్లిన్‌లో కూర్చున్న ప్రోగ్రామరుకి ప్యాకేజీ జాబితా అంటే సాంకేతిక సమాచారం. మనకి అది ఇంట్లోకి తొంగిచూడడం. డెబియన్ వాళ్ళు పేరు పంపరు, నిజమే. మొదట్లో ఆ జాబితాలు మామూలు ఈమెయిళ్ళలా దారిలో ఎవరైనా చదవగలిగేలా వెళ్ళేవి, తర్వాత తాళం వేసి పంపడం మొదలుపెట్టారు. మంచివాళ్ళు చేసినదాన్ని కూడా అనుమానంగానే చూడాలని చెప్పడానికి ఈ ఉదాహరణ.

అందరూ డెబియన్లు కారు. దాని మీదే కట్టిన ఉబుంటు 2012 అక్టోబర్‌లో 12.10 విడుదల చేసినప్పుడు, మీ సొంత కంప్యూటర్లో మీ ఫైలు కోసం వెతికితే ఆ మాటలు వాళ్ళ కంపెనీ కెనానికల్ సర్వరుకి వెళ్ళి, అక్కణ్ణుంచి అమెజాన్ సరుకులు చూపించేవి. ముందే ఆన్ చేసి ఇచ్చారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ అది గూఢచారి సాఫ్ట్‌వేరన్నాడు. 2016లో 16.04 వచ్చేదాకా దాన్ని ముందే ఆపి ఇవ్వలేదు. మూడున్నరేళ్ళు! 2018 ఏప్రిల్‌లో మళ్ళీ, కంప్యూటర్ వివరాలు పంపడానికి "సరే" అన్నది ముందే ఎంచి పెట్టి ఇచ్చారు. ఈసారి ఏం వెళ్తుందో చూపించారు, అంతవరకు మెరుగు.

నాకు దగ్గరగా తగిలింది ఆడాసిటీ. మా పరిశోధనలో ఊడుపు పాటలు, ఏడుపు పాటలు రికార్డు చేసి శుభ్రం చేసుకున్నది దాంట్లోనే. జానపదం మీద పనిచేసే ప్రతి పేద విద్యార్థీ వాడేది అదే. 2021లో మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ దాన్ని తీసుకుంది. మే మొదటి వారంలోనే వాడుక లెక్క తీసే కోడ్ కలుపుతామన్నారు. అడిగే తీసుకుంటామన్నారు, ముందే ఆపి ఉంచుతామన్నారు. కానీ ఆ లెక్క చేరేది గూగుల్‌కి, రష్యా కంపెనీ యాండెక్స్‌కి. జనం లేచారు. కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. జూలైలో కొత్త ప్రైవసీ పాలసీ వచ్చింది. చట్ట అమలు సంస్థలకి అవసరమైన డేటా అని ఒక ముక్క అందులో ఉంది. మళ్ళీ గొడవ, మళ్ళీ వివరణ, మళ్ళీ దిద్దుబాటు.

"అడిగే కదా తీసుకుంటాం" అంటే సరిపోదని ఆ గొడవ నేర్పింది. తీసుకున్నది ఎవరి ఇంటికి పోతుంది? రేపు పోలీసు అడిగితే ఇస్తారా? అసలు దాచకుండా ఉంటే ఇవ్వడానికేం ఉండదు కదా? సముద్రం అవతల వాళ్ళు పాటల సాఫ్ట్‌వేరు గురించి ఇంత గట్టిగా అడిగారు.

అదే 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో జరిగినదానికి అంత గట్టిగా అడిగామా? ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో ఇళ్ళ లబ్ధిదారుల వివరాలు ఎవరైనా చూసేలా తెరిచి ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాడు. లక్షా 34 వేల మంది ఆధార్ నెంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఫోన్లు, రేషన్ కార్డులు, వాటి పక్కనే మతం, కులం. అంతకంటే ఘోరం, కులాన్నో మతాన్నో ఎంచుకుని వెతికితే ఆ ఇళ్ళు ఎక్కడున్నాయో చూసుకునే వీలుంది. మిత్రులారా, ఈ వాక్యం ఇంకోసారి చదవండి. అల్లరిమూక చేతిలో పెట్టడానికి ఇంతకంటే మంచి మ్యాపు ఉంటుందా? పేరేమో పారదర్శకత. రెండు నెలలకి అన్న సంజీవిని మందుల షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో ఫోన్ నెంబర్లతో సహా బయటపడింది. రెండు రోజులు వార్త, తర్వాత మరుపు. ఇల్లు కావాలంటే కులం చెప్పాలి, మతం చెప్పాలి. అక్కడ "వద్దు" అనే బటన్ లేదు.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తుచేయాలి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగి, పంచములనే పేరు వద్దు, మేం ఆది ఆంధ్రులం అన్నారు మన పెద్దలు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరుని ఒప్పుకుంది. 1931 జనగణనలో చాలామంది మాల, మాదిగలు ఆ పేరే చెప్పారు. అంటే ఎవడో పెట్టిన గడిలో మన చేత్తో మన పేరు రాసుకున్నాం. అడిగించుకుని, ఆలోచించి, సమ్మతించి ఇచ్చిన సమాచారమంటే నా దృష్టిలో అదీ. అక్కడితో ఆగలేదు. ఆ పేరు 1936 షెడ్యూల్లోకి ఎక్కింది, 1950 ఉత్తర్వులోకి ఎక్కింది. 1997లో వర్గీకరణ వచ్చినప్పుడు రెల్లి ఏ, మాదిగ బి, మాల సి, ఆది ఆంధ్ర డి అయ్యాయి. ఐక్యత కోసం తాత చెప్పిన పేరు మనవడి కాలానికి ఒక శాతం వేరే గడి అయింది. వర్గీకరణ న్యాయమా కాదా అన్నది ఇక్కడ ఎత్తడం లేదు, కామెంట్లలో కూడా ఎత్తకండి. నా మాట ఇంతే. ఇష్టపడి ఇచ్చిన సమాచారం కూడా ఇచ్చినవాడి చేతిలో ఉండదు. 1931లో రాసినప్పుడు 1997 ఎవరికి తెలుసు?

అయినా మనకి లెక్క కావాలి. లెక్క లేకపోతే సీటు లేదు, నిధి లేదు. సాఫ్ట్‌వేరులోనూ అంతే. తెలుగు ఎంతమంది వాడుతున్నారో తెలీకపోతే తెలుగు ఫాంటు విరిగిపోయినా పట్టించుకునే నాథుడుండడు. తెలుగులో డెస్క్‌టాప్ తేవడానికి స్వేచ్ఛ సంస్థ వాళ్ళు హైదరాబాద్‌లో ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. ఆ కష్టం వాడుకునేవాళ్ళు ఉన్నారని ఎక్కడో ఒక అంకె చెప్పాలి కదా. మా పిల్లల్లో ఒకడు ఇదే వాదించాడు. ఆదాయ ధ్రువపత్రం పేజీ పాత ఫోన్లలో తెరుచుకోవడం లేదని వాళ్ళకి మూడు వారాలు తెలీలేదు. లెక్క వచ్చి ఉంటే మర్నాడే తెలిసేది. ఈలోగా ఎంతమంది గడువు దాటిపోయిందో. అతని కోపం న్యాయమైనదే. ప్రైవసీ పేరుతో మన ఇబ్బందులు కూడా కనబడకుండా పోతే లాభం ఎవరికి?

చట్టం ఏమంటుందని అడుగుతారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కన్నారు. తర్వాత 2019లో వచ్చిన డేటా బిల్లులో కులం, తెగ, మతవిశ్వాసం వంటివాటిని సున్నితమైన సమాచారంగా విడిగా పెట్టి, గట్టి కాపలా ఉండాలన్నారు. 2023లో చట్టమయ్యేసరికి ఆ విభాగమే ఎగిరిపోయింది. ఇప్పుడు చట్టం దృష్టిలో నా కులమూ నా ఈమెయిల్ చిరునామా ఒకే రకం సమాచారం. దీని మీద మన సంఘాలు ఒక్క ధర్నా చేసినట్టు నాకు గుర్తులేదు.

చివరికి పిల్లలేం చేశారంటే, ముందు గూగుల్ వాళ్ళ గో భాష దగ్గర జరిగింది చదివారు. 2023 ఫిబ్రవరిలో రస్ కాక్స్ అనే ఇంజినీరు వాడుక లెక్క ముందే ఆన్ చేసి ఉంచుదామని ప్రతిపాదించాడు. వ్యతిరేకత వచ్చాక కొన్ని వారాల్లోనే అడిగి తీసుకునే పద్ధతికి మారాడు. ఆయన వాదనలో మావాళ్ళకి నచ్చిన ముక్క ఒకటుంది. అందరి దగ్గరా అన్నీ తీసుకోనక్కర్లేదు, కొద్దిమంది దగ్గర కొంచెం తీసుకున్నా సరైన అంచనాకి సరిపోతుందని. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసకం కదా.

దాంతో ఊరు, మండలం ఫోన్లోనే ఉండిపోయేట్టు రాశారు. ఎవరు ఏ పేజీ చూశారన్నది ఎక్కడికీ వెళ్ళదు. ఫిర్యాదు పేజీని లెక్క అనే మాటే ముట్టదు. సంస్థకి డౌన్‌లోడ్ల అంకె ఒక్కటే రాసి పంపారు. వాళ్ళ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. రాకపోవచ్చు కూడా. ఏ పేజీ అర్థం కావడం లేదో తెలుసుకోవడానికి ఆదివారం పేటలోకి వెళ్ళి, పక్కన కూర్చుని, "సూడనిత్తావా మామ్మా" అని అడిగి చూస్తున్నారు. నెమ్మదైన పని. మొదటి ఆదివారమే నాలుగు తప్పులు దొరికాయి.

పేజీ విరిగిపోతే మాత్రం కబురు పంపే వీలు పెట్టారు. ప్రతిసారీ అడుగుతుంది. ఏం వెళ్తుందో మొత్తం తెర మీద కనబడుతుంది. ఆ ప్రశ్న ఎలా రాయాలన్నదాని మీద రెండు వారాలుగా కొట్టుకుంటున్నారు. "సమ్మతి" అనే మాట నేనే కొట్టేయించాను, అది కోర్టు కాగితంలా ఉంది. ప్రస్తుతానికి ఇలా ఉంది: "ఇది పాడైపోనాది. ఏటయ్యిందో మాకు సెప్పమంటారా? మీ పేరు, ఊరు ఎల్లవు. కింద కనిపిస్తన్నదే ఎల్తాది." దాని కింద రెండు బటన్లు. మొదటిది "వద్దు". రెండోది "సెప్పండి". చదవడం రానివాళ్ళ కోసం మామ్మ గొంతుతోనే రికార్డు చేశారు, ఆడాసిటీలో. పాత వెర్షన్‌లో!

వచ్చే వారం స్టూవర్ట్‌పురం. 1911లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చాక, నేరం చేసినా చేయకపోయినా మనుషుల వేలిముద్రలు తీసుకుని, రోజూ హాజరు పలికించిన కథ. ఆ హాజరు గురించి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏమైనా చెప్పి ఉంటే రాయండి. పేర్లు రాయకండి.

జై భీమ్.